బొమ్మగా మిగిలిన పుస్తకము

హైదరాబాదుకు పశ్చిమమున హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనము 1998 నవంబరులో ప్రారంభమైనది. ఆ సంవత్సరమే దానికి కొద్ది దూరమున, గచ్చిబౌలిలో, ట్రిపుల్ ఐటీ అని మనము పిలుచుకొనే విద్యాసంస్థ కూడ నెలకొన్నది. ఈ ప్రాంతమును గూర్చి వ్రాసేవారు ఉద్యోగాల లెక్కలను, అద్దాల మేడలను వర్ణించడముతో సరిపెట్టుకొందురు. కాని కళాశాల విద్యార్థికి ఇక్కడి నుండి అందిన ఒక పెద్ద కానుక, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, తగినంత చర్చకు రాలేదు. దానిని మెచ్చుకొనవలెను. అంతకన్న ముఖ్యముగా విమర్శింపవలెను.

ఈ యోచనకు మూలపురుషుడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధ పరిశోధనకు 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొన్న రాజ్ రెడ్డి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము ఆధారముగా పది లక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కించవలెనని సంకల్పించిరి. భారతదేశము, చైనా, ఈజిప్టు అందులో పాలుపంచుకొన్నవి. 2007 నాటికి పదిహేను లక్షల సంఖ్య దాటినది. మన దేశములో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ దీనికి ప్రధాన కేంద్రములైనవి. బీరువాలలో చెదలు తినుచుండిన తెలుగు పుస్తకములు వేలకొలది ఈ విధముగా బయటపడినవి.

ఇంతవరకు బాగుగనే యున్నది. ఇప్పుడు ఒక డిగ్రీ కళాశాల విద్యార్థిని, తెలంగాణ చెరువుల చరిత్ర తెలిసికొనగోరి, ఈ గ్రంథాలయపు తలుపు తట్టినదనుకొందము. ఆమె మొట్టమొదట ఎదుర్కొన్నది పుస్తకము కాదు, పట్టిక. తెలుగు పుస్తకముల పేర్లను అందులో రోమను లిపిలో వ్రాసిరి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అను పేరునే చూడుడు. మొదటి దీర్ఘమునకు ‘ఏ’ అక్షరము ఒకటి వేయవచ్చును, రెండు వేయవచ్చును. సున్నకు ‘ఎం’ వ్రాయవచ్చును, ‘ఎన్’ వ్రాయవచ్చును. ఈ రెండు చోట్లనే నాలుగు రూపములైనవి. మిగిలిన అక్షరములను గూడ లెక్కించినచో ఎన్ని రూపములగునో పాఠకులే ఊహింపగలరు. పేరు కచ్చితముగా తెలిసిన పుస్తకమే దొరకనప్పుడు, పేరు తెలియని పుస్తకము దొరకుట ఎట్లు?

ఒకవేళ దొరికినను అది చదువుటకు పనికివచ్చు బొమ్మ మాత్రమే; వెతుకుటకు పనికివచ్చు పాఠము కాదు. ఈ భేదమును కొంచెము వివరింపవలసి యున్నది. స్కానింగు యంత్రము పుటను అతి చిన్న చుక్కలుగా విడగొట్టును. ఈ పథకములో అంగుళమునకు 600 చుక్కలను ప్రమాణముగా తీసికొనిరి. అనగా ఒక చదరపు అంగుళములో 3,60,000 చుక్కలు. అయిదంగుళముల వెడల్పు, ఎనిమిదంగుళముల పొడవు గల పుటలో 1,44,00,000 చుక్కలు. చుక్కకు నలుపో తెలుపో అని మాత్రమే గుర్తు వేసినచో పుటకు పద్దెనిమిది లక్షల బైట్లు చాలును. నలుపు తెలుపుల నడిమి ఛాయలను గూడ పట్టవలెనన్నచో దానికి ఎనిమిది రెట్లు కావలెను. ఆనాడు నిల్వ చేయు సాధనములు ఖరీదైనవి గనుక నలుపు తెలుపులతో సరిపెట్టుకొనిరి. పొదుపు అర్థమగుచున్నది. కాని దాని మూల్యమును చెల్లించినది తెలుగు అక్షరము. పాత అచ్చులో సిరా వెలిసిన సన్నని గీత యంత్రము కంటికి తెల్లగా కనబడినచో ఇక అది లేనట్లే. ఆ ఒక్క గీత పోగా ‘ధార’ కాస్త ‘దార’ అగును. నీరు భార్యగా మారును. ‘ఫలము’ పాత తూనికయైన ‘పలము’ అగును. వైద్యగ్రంథమును ఈ విధముగా చదివి మందు నూరువాని గతిని తలచుకొన్న భయము వేయును.

బొమ్మను పాఠముగా మార్చు విద్య ఆనాడు బొత్తిగా లేదనుటకు వీలులేదు. పొరుగుననే యున్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు పరిశోధకులు తెలుగు అచ్చును గుర్తించు పద్ధతిని 2001లోనే ప్రకటించిరి. ట్రిపుల్ ఐటీలోనే భాషాసాంకేతిక పరిశోధన కేంద్రము కలదు. పదమును విడదీసి ధాతువును, ప్రత్యయమును గుర్తించుట అచ్చటివారికి నిత్యకృత్యము. తెలుగులో వెతుకుటకు ఈ విద్య తప్పనిసరి. ‘చెరువు’ అని వెతికిన యంత్రమునకు ‘చెరువందు’ కనబడదు. పాత పుస్తకములలో బండి ఱకారముతో నున్న ‘చెఱువు’ అంతకన్న కనబడదు. ఒక ఆవరణలో గ్రంథాలయము, భాషాశాస్త్రము రెండును ఉండియు, మన విద్యార్థినికి పుటల లోపల మాట వెతుకు వసతి కలుగలేదు. అన్నము ఒక గదిలో, కూర ఒక గదిలో ఉన్నట్లయినది.

ముందు బొమ్మ తీసి నిలుపుట తప్పు అని నేననను. చెదలు ఎవరికొరకును ఆగవు. ఆనాటి యంత్రములు పాత అచ్చును తప్పులు లేక చదువగలిగినవియు కావు. కాని బొమ్మ తీసిన తరువాత మరల ఆ పుస్తకము వద్దకు రాకపోవుట తప్పు. పథకము పేరులోనే సంఖ్య యున్నది. అందుచేత సంఖ్యయే గమ్యమైనది. లోపించిన పుటలను, తలక్రిందులైన పుటలను, తప్పు పేర్లను సరిదిద్దుట ఏ లెక్కలోను చేరదు గదా! ఈ పనికి పూనుకొన్నది చివరకు తెలుగు వికీపీడియాలోని స్వచ్ఛంద కార్యకర్తలు. 2014లో వారు ఈ పుస్తకముల పేర్లను తెలుగు లిపిలో పట్టికలుగా కూర్చసాగిరి.

మూడేండ్లకు, 2017 నాటికి, గ్రంథస్వామ్యపు చిక్కులతో ఆ గ్రంథాలయమే మూతపడినది. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన పిదప అరువదేండ్లకు గాని గ్రంథము అందరి సొత్తు కాదు. సురవరము ప్రతాపరెడ్డి 1953లో కీర్తిశేషులైరి గనుక ఆయన రచనలు 2014 నుండి అందరివి. ఇట్టివానిని వేరుపరచి ఉంచుటకు రచయిత మరణించిన సంవత్సరము పట్టికలో ఉండవలెను. పేరే సరిగా లేని పట్టికలో ఆ సంవత్సరమును ఆశించుట అత్యాశ. దోషము లేని పుస్తకములకు గూడ తలుపు పడుటకు ఇదియొక కారణమని నా అభిప్రాయము.

ప్రతులు నశింపలేదు, ఇంటర్నెట్ ఆర్కైవులో పెక్కు లభించుచున్నవి. నేటి యంత్రములు తెలుగు అచ్చును ఆనాటికంటె చాల మెరుగుగా చదువుచున్నవి. ప్రతి కళాశాల తెలుగు శాఖ, చరిత్ర శాఖ ఏటా ఇరువది పుస్తకములను ఎన్నుకొని, యంత్రము చదివిన పాఠమును విద్యార్థులచేత మూలముతో సరిచూపించి, తెలుగు లిపిలో పేరును, రచయిత జననమరణ సంవత్సరములను చేర్పించవచ్చును. దీనిని ప్రాజెక్టు పనిగా లెక్కించి మార్కులు వేయుటకు అడ్డేమున్నదో అధ్యాపకులు చెప్పవలెను.