బ్రేకుకు గాలి దారి

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబినీ పార్కుల పక్కనుంచి ఫార్ములా ఈ కార్లు దూసుకుపోయాయి. భారతదేశంలో జరిగిన తొలి ఫార్ములా ఈ రేసు అది. 2.83 కిలోమీటర్ల ఆ వీధి సర్క్యూట్‌లో జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అయితే స్టాండ్లలో కూర్చున్నవాళ్ల కంటికి ఆనని విశేషం ఒకటి ఆ కార్ల వెనక చక్రాల్లో ఉంది. అక్కడ మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు. కారు నెమ్మదించాల్సి వచ్చినప్పుడు వెనక మోటారు 350 కిలోవాట్ల దాకా, ముందు మోటారు 250 కిలోవాట్ల దాకా వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతాయి. కరెంటుగా మారినంత మేరకు వేడి పుట్టదు, దాన్ని చల్లార్చే పనీ ఉండదు.

సికింద్రాబాద్‌కు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. లాలాగూడ షెడ్డులోని డబ్ల్యూఏపీ-7 రైలింజిన్లు ఏళ్లుగా చేస్తున్నది ఇదే. బండి నెమ్మదిస్తున్నప్పుడు వాటి మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును పైతీగలోకి తిరిగి పంపుతాయి. డీజిల్ ఇంజిన్లకు ఆ వీలు లేదు. డైనమిక్ బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును అవి రెసిస్టర్లలో కాల్చేసి, ఆ వేడిని ఫ్యాన్లతో బయటికి ఊదేస్తాయి. రైలైనా, రేసు కారైనా వేగం తగ్గించేటప్పుడు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటే: ఆ శక్తి ఎక్కడికి పోవాలి?

పెట్రోలు కారుకు ఉన్న దారి గాలి ఒక్కటే. లెక్క వేస్తే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. డ్రైవరుతో కలిపి 1,400 కిలోల కారు 180 కిలోమీటర్ల వేగం నుంచి మలుపు కోసం 72కు దిగిందనుకుందాం. ఆ కొద్ది సెకన్లలో బ్రేకులు మింగే శక్తి దాదాపు 14.7 లక్షల జౌళ్లు. నాలుగు లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి అది సరిపోతుంది. అందులో సుమారు 70 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. ముందున్న ఒక్కో డిస్క్ 8 కిలోల పోత ఇనుమైతే, ఆ ఒక్క బ్రేకుతో దాని వేడి దాదాపు 140 డిగ్రీలు పెరుగుతుంది. తర్వాతి మలుపు వచ్చేలోగా అది గాలిలోకి పోకపోతే దాని మీద కొత్త వేడి చేరుతుంది. అలా ల్యాపు మీద ల్యాపు పేరుకుపోతుంది.

అప్పుడు బ్రేకులు రెండు రకాలుగా మొరాయిస్తాయి, రెండూ కాలికే తెలిసిపోతాయి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ల పట్టు పోయిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. ఆయిల్‌ను నొక్కితే ఒత్తిడి ప్యాడ్లను డిస్క్‌కు అదిమే కాలిపర్‌కు చేరుతుంది. ఆవిరిని నొక్కితే ఆవిరే నలుగుతుంది తప్ప ఒత్తిడి ముందుకు పోదు. రెండింటిలో ఇదే ఎక్కువ ప్రమాదం.

అందుకే కారును ట్రాక్‌కు సిద్ధం చేయడం ఆయిల్‌తో మొదలవ్వాలి. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 5.1కి ఈ అంకెలు 260, 180. ఒక వానాకాలం గడిచిన ఆయిల్‌తో ట్రాక్ ఎక్కడం సాహసం అనిపించుకోదు, అజాగ్రత్త అవుతుంది. కొత్త ఆయిల్ పోసి, గాలి బుడగలు లేకుండా బ్లీడింగ్ చేయించడానికి అయ్యే ఖర్చు కూడా తక్కువే.

తర్వాతి వంతు గాలిది. గాలి మీద ఈ నమ్మకానికి పాత చరిత్రే ఉంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్క్ బ్రేకుకు పేటెంటు పొందాడు. అయినా దాని సత్తా లోకానికి తెలిసింది 1953లో, డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సీ-టైప్ 24 గంటల లె మాన్ రేసు గెలిచినప్పుడు. డ్రమ్ము వేడిని తన లోపలే బంధించుకుంటుంది. డిస్క్ ఒళ్లంతా గాలికి తెరిచి ఉంటుంది.

ఇప్పటి కార్ల ముందు డిస్క్ నిజానికి రెండు పలకలు, వాటి మధ్య సన్నటి రెక్కలు. చక్రం తిరుగుతుంటే అది పంపులా పనిచేస్తుంది. నడిమి భాగంలోంచి గాలిని లాక్కుని బయటి అంచు మీదుగా విసిరేస్తుంది. కాబట్టి గొట్టంతో తెచ్చే చల్లగాలిని ఆ నడిమి భాగానికే అందించాలి. గాలినంతా ఒక ముఖం మీదికే ఊదితే ఒకవైపు చల్లగా, ఇంకోవైపు వేడిగా మారి డిస్క్ వంపు తిరుగుతుంది, పగుళ్లిస్తుంది. రెక్కలు వంకరగా ఉండే డిస్కులకు కుడి ఎడమలు వేరు. తారుమారుగా బిగిస్తే గాలి సరిగా ఆడదు.

ఈ పనికి కావలసిన సామాన్లు సాదాసీదావే. వేడికి ఓర్చే రెండున్నర, మూడు అంగుళాల హోస్ పైపు, క్లాంపులు, డిస్క్ వెనక బిగించే రేకు పళ్లెం ఉంటే చాలు. స్పేర్‌పార్టులకూ హార్డ్‌వేరుకూ పేరుపడ్డ రాణిగంజ్ లాంటి బజారు పక్కనే ఉండటం సికింద్రాబాద్ ఔత్సాహికులకు కలిసొచ్చే సంగతి. అసలు నేర్పు బిగింపులో ఉంది. పైపు నోరు బంపర్‌లో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉండే చోట, సాధారణంగా ఫాగ్ ల్యాంప్ స్థానంలో ఉండాలి. స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, సస్పెన్షన్‌ను నొక్కి చూసి పైపు టైరుకు రాసుకోవడం లేదని తేల్చుకోవాలి. వంపులు ఎంత తక్కువైతే గాలి అంత బాగా చేరుతుంది.

ఫలితాన్ని ఊహకు వదిలేయక్కర్లేదు. డిస్క్ అంచున పూసే ప్రత్యేక రంగులున్నాయి. ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. ట్రాక్ దిగాక ఏ గీత మారిందో చూస్తే డిస్క్ ఎంత కాలిందో తెలుస్తుంది. దాన్ని బట్టే ప్యాడ్లను ఎంచుకోవాలి. రంధ్రాలు తొలిచిన డిస్కులు చూపుకు బాగుంటాయి గానీ, పోత ఇనుములో పగుళ్లు తరచూ ఆ రంధ్రాల దగ్గరే మొదలవుతాయి. ట్రాక్ కోసమైతే గాడులు తీసిన డిస్కులు మేలు. పెద్ద బ్రేక్ కిట్ మీద లక్షలు పోసే ముందు కూడా ఆలోచించాలి. గాలి అందని పెద్ద డిస్క్ వేడెక్కడానికి ఇంకొన్ని ల్యాపులు పడతాయంతే.

డ్రైవరు కాలు కూడా ఈ విద్యలో భాగమే. చాలాసేపు మెల్లగా తొక్కడం కన్నా గట్టిగా తొక్కి త్వరగా వదిలేస్తే డిస్క్‌కు గాలి తగిలే సమయం ఎక్కువ దొరుకుతుంది. చివరి ల్యాపు బ్రేకులను వీలైనంత తక్కువగా వాడుతూ నడపాలి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకూడదు, పెడల్ మీద కాలు ఉంచకూడదు. వేడి డిస్క్‌ను ప్యాడ్ ఒకేచోట పట్టుకుంటే అక్కడ మచ్చ పడి తర్వాత పెడల్ అదురుతుంది.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు సికింద్రాబాద్ నుంచి ఆరువందల కిలోమీటర్లకు పైగానే ఉంటుంది. కారును అంత దూరం రోడ్డు మీదే నడిపించుకుంటూ వెళ్లేవారు అదే కారులో క్షేమంగా ఇల్లు చేరాలి. చల్లగా ఉన్నప్పుడు రేసు ప్యాడ్ల పట్టు తక్కువ కాబట్టి, తిరుగు ప్రయాణానికి మామూలు ప్యాడ్లు వేసుకోవాలి. ఇంటికొచ్చాక చక్రాలు విప్పి ప్యాడ్ల మందం, పైపుల రాపిడి, డిస్కుల ముఖం పరిశీలించాలి. వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు సహజమే. పగులు అంచుదాకా పాకితే మాత్రం ఆ డిస్క్‌ను పక్కన పడేసి, ముందు చక్రాలు రెండింటికీ కొత్త జత బిగించాలి.