లెక్కల్లోకి రాని చేతులు
హడ్సన్స్ బే కంపెనీ 1795లో ఉత్తర సస్కాచివాన్ నదీతీరాన ఎడ్మంటన్ హౌస్‌ను నెలకొల్పింది. పోటీదారైన నార్త్ వెస్ట్ కంపెనీ వారి అగస్టస్ కోట పొరుగునే ఉండేది. ఇటువంటి స్థావరాల చరిత్రను హెరాల్డ్ ఇన్నిస్ 1930లో బీవరు చర్మంతో, జలమార్గాలతో మొదలుపెట్టాడు. వాదన బలమైనదే. కానీ మైదానపు కోటకు ప్రాణాధారం పెమ్మికన్: ఎండిన బైసన్ మాంసాన్ని దంచి, కరిగించిన కొవ్వు కలిపి, తోలుసంచుల్లో కుక్కిన తిండి. దూరప్రయాణపు పడవలు నడిచింది దీనిమీదే. తయారీ ఎక్కువగా క్రీ, మేటీ స్త్రీలది. కంపెనీ పుస్తకాలు సంచులను లెక్కపెట్టాయి. చేసినవారి పేర్లు అరుదు. అవే పత్రాలను సిల్వియా వాన్ కిర్క్ 1980లో స్త్రీల కోసం తిరగ చదివారు. ఆ చదువు విలువైనది. అయితే శ్రమనూ చర్చించిన ఆ గ్రంథంలో అధికారుల భార్యలు కనిపించినంత స్పష్టంగా, మాంసం దంచిన స్త్రీ కనిపించదు.