తేర్చి, వడగట్టి

వానలు మొదలైన వారానికి మా డీజిల్ కారు బానెట్ ఎత్తగానే మేస్త్రీ గారు ముందు అడిగింది పానా కాదు, ఖాళీ గాజుసీసా. ఫిల్టరు అడుగున ఉండే స్క్రూని రెండు చుట్లు వదులు చేసి, కారినదాన్ని సీసాలో పట్టి, గోడవార గట్టు మీద పెట్టారు. "అయిదు నిమిషాలు దాన్ని కదపొద్దు బాబూ" అన్నారు. టీ తాగి వచ్చేసరికి సీసాలో పొరలు కట్టింది. పైన తేనెరంగు డీజిల్, అడుగున రెండు చెంచాల నీళ్లు, ఆ రెండింటి నడుమ తొరకలా నల్లటి జిగురు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా డీజిల్ బండ్లు చూస్తున్న మనిషి ఆయన. ఫిల్టరు మార్చడమంటే పాతది తీసి కొత్తది బిగించడమే అనుకుంటూ వచ్చిన నాకు, అది చూడటం, వినడం, వేళ్లతో తెలుసుకోవడం కలిసిన ఒక చేతిపని అని ఆ సీసా చూశాకే అర్థమైంది.

మన ఇళ్లలో నీళ్లు బాగుచేసుకోవడానికి రెండు పనులున్నాయి, రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. వరద రోజుల్లో కాలవనీళ్లు ఎర్రగా వస్తే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచేవారు. మన్ను అడుగుకి దిగాక పైనీటిని నెమ్మదిగా వంపుకోవడం తేర్చడం. ఆ తేటనీటిని పాత పంచె గుడ్డలోంచి మరో బిందెలోకి పోయడం వడగట్టడం. బరువైనది దిగిపోతుంది, తేలేది గుడ్డకి చిక్కుతుంది. కారులోని డీజిల్ ఫిల్టరు ఈ రెండు పనులనూ ఒక్క డబ్బాలో చేస్తుంది. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు డీజిల్ దాదాపు 830 గ్రాములే తూగుతుంది కాబట్టి నీరు గిన్నె అడుగుకి చేరుతుంది. మిగిలిన డీజిల్ మడతలు మడతలుగా పేర్చిన కాగితం గుండా బయటినుంచి లోపలికి దూరి, మట్టినీ తుప్పునీ బయటే వదిలేసి ఇంజను వైపు పోతుంది. పొలం దగ్గర పీపాలో డీజిల్ నిలవ పెట్టుకునే రైతుల్లో జాగ్రత్తపరులు తెచ్చిన రోజే ట్రాక్టరులో పోయరు. ఒక రాత్రి నిలవనిచ్చి, అడుగున బెత్తెడు వదిలి పైది తోడుకుంటారు. అదీ తేర్చడమే.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే డీజిల్ పంపు లోపలికి చూడాలి. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లోనే నడిచింది గానీ, అది రోడ్డెక్కడానికి చాలాకాలం పట్టింది. చిన్న ఇంజనుకి సరిపడేంత సన్నగా, కొలిచినట్టు చమురు చిమ్మే పంపు కావాలి. 1927లో జర్మనీలోని బాష్ సంస్థ అలాంటి పంపుల భారీ ఉత్పత్తి మొదలుపెట్టింది. 1936లో మెర్సిడెస్ 260డి అనే డీజిల్ కారు వచ్చింది. బాష్ సహకారంతోనే 1951లో మన దేశంలో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. పొట్టిపేరు మైకో. 2008లో ఆ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, పాత మేస్త్రీల నోట ఇప్పటికీ అది మైకో పంపే.

ఆ పంపులో డీజిల్‌ను తోసే ప్లంజరుకీ, అది ఆడే గొట్టానికీ మధ్య ఉండే సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మనిషి తలవెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. ప్లంజరూ గొట్టమూ జతగా పుడతాయి. ఒక జతలోది తీసి మరో జతలో వేయరు. పంపులు, డీజిల్ చిమ్మే నాజిళ్లు బాగుచేసే గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లమనేది అందుకే. కడిగిన భాగాల్ని గుడ్డతో తుడవరు, నూలుపోగు అంటుకుంటుందని. పైగా ఈ ప్లంజరుకి వేరే ఆయిల్ లేదు. పంపులోంచి పారే డీజిలే దానికి కందెన. ఆ డీజిల్లో ఇసుక వస్తే గీతలు పడతాయి, నీళ్లొస్తే కందెన పొర తెగి ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. పాత ఇంజన్లలో నాజిలు తెరుచుకునే ఒత్తిడి రెండు వందల బార్ అటూఇటూగా ఉండేది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతిలో నాజిళ్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలోనే ఒత్తిడి 1350 బార్‌కి పోయింది, తర్వాత రెండు వేలకు చేరింది. ఒత్తిడి పెరిగేకొద్దీ రంధ్రాలు సన్నబడ్డాయి. కొన్ని వందల రూపాయలతోనో వెయ్యి రెండు వేలతోనో అయ్యే ఫిల్టరును వాయిదా వేస్తే, ఒక్కొక్కటే వేల రూపాయలయ్యే ఇంజెక్టర్లు నాలుగూ ఒకేసారి పోవచ్చు.

పాత లారీలకు జంట ఫిల్టర్లుండేవి. మొదటి గిన్నెలో గుడ్డ, రెండో గిన్నెలో కాగితం. గుడ్డ ఎలిమెంటును శుభ్రమైన డీజిల్లో జాడించి మళ్లీ వేసేవారు. అది తప్పు కాదు, అది ఉతకడానికి చేసిందే. కానీ ఆ అలవాటు కాగితానికీ పాకింది. కాగితాన్ని పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి వేసేవాళ్లను నేను చూశాను. ఆ గాలి దెబ్బకి కాగితం పోగు కంటికి కనపడనంతగా చిరుగుతుంది. చిరిగిన కాగితం డీజిల్‌ను ధారాళంగా వదులుతుంది కాబట్టి బండి ముందుకంటే హుషారుగా పోతుంది, యజమాని సంతోషిస్తాడు. ఆ హుషారు పంపును తినేస్తుంది. కాగితం ఫిల్టరును కడగడం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి.

మార్చే వేళ వచ్చిందని బండి ముందుగానే చెబుతుంది. చదును రోడ్డు మీద మామూలుగా పోతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో లారీని దాటేటప్పుడో దమ్ము చాలదు. కొన్నిసార్లు దారిలో ఆగిపోయి, పది నిమిషాలు ఊరుకుంటే మళ్లీ లేస్తుంది. కాసేపు లాగుడు లేకపోయేసరికి కాగితానికి అంటుకున్న చెత్త కొంత జారిపడటమే కారణం. దమ్ము తగ్గడానికి ఎయిర్ ఫిల్టరూ కారణం కావచ్చు కదా అని అడిగితే మేస్త్రీ గారు ఒక గుర్తు చెప్పారు. "పొగ నల్లగా వస్తుంటే గాలి తక్కువైంది. పొగ లేకుండా బండి నీరసిస్తే నూనె తక్కువైంది." అన్ని సందర్భాలకీ కాకపోయినా, రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు మొదట ఎటు చూడాలో చెప్పడానికి ఇంతకంటే మంచి మాట నేను వినలేదు.

అంతదాకా ఆగకపోవడం మేలు. డీజిల్ కార్లకు ఇరవై నుంచి నలభై వేల కిలోమీటర్లకు ఒకసారి అని ఎక్కువ కంపెనీలు చెబుతాయి. మీ బండి లెక్క దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అదే ప్రమాణం. అయితే ఆ లెక్క మంచి డీజిల్‌కి వేసింది. ఊళ్లో చిన్న బంకుల మీద ఆధారపడే బండికీ, వారాల తరబడి కదలని బండికీ గడువు తగ్గించుకోవాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి గాలిలోని ఆవిరి రాత్రికి చల్లబడి గోడల మీద చెమ్మగా పట్టి కిందికి జారుతుంది. వానాకాలంలో బంకు భూగర్భ ట్యాంకులోకీ నీరు చేరవచ్చు. నీళ్లున్నచోట డీజిల్‌ను తిని బతికే సూక్ష్మజీవులు పెరుగుతాయి. నా సీసాలో కనిపించిన నల్లటి జిగురు అదే. అందుకే ఫిల్టరు మార్చినా మార్చకపోయినా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి అడుగు స్క్రూ తిప్పి నీళ్లు వదిలించండి. డ్యాష్‌బోర్డు మీద నీటి గుర్తు దీపం వెలిగితే ఆ పని ఆ రోజే కావాలి.

ఇక మార్చే పద్ధతి. మొదటి మెట్టు తుడవడం. ఫిల్టరు చుట్టూ పేరుకున్న దుమ్మును గొట్టాలు విప్పకముందే బ్రష్‌తో, గుడ్డతో పూర్తిగా తీసేయాలి. విప్పాక పడే ఒక్క రేణువు ఫిల్టరు దాటిన వైపు పడిందంటే దాన్ని ఆపేవారెవరూ లేరు. తర్వాత నీటి సెన్సరు వైరు ఊడదీసి, ఏ గొట్టం ఎక్కడిదో గుర్తు పెట్టుకుని, కింద పళ్లెం ఉంచి విప్పాలి. పాత రబ్బరు రింగు ఒక్కోసారి పైభాగానికే అతుక్కుని ఉండిపోతుంది. అది చూసుకోకుండా కొత్త రింగుతో బిగిస్తే రెండు రింగులై ఎంత బిగించినా కూర్చోదు. కొత్త రింగుకి వేలితో డీజిల్ రాసి, రింగు తగిలేదాకా చేత్తో తిప్పి, ఆపైన డబ్బా మీద రాసినంతే, సాధారణంగా ముప్పావు చుట్టు, బిగించాలి. పానాతో బలం చూపించే చోటు కాదిది.

కొత్త ఫిల్టరులో ముందే డీజిల్ నింపాలా వద్దా అని గ్యారేజీల్లో రెండు మతాలున్నాయి. పాత పంపుల కాలంలో నింపేవారు, బండి త్వరగా లేచేది. కామన్ రైల్ బండికి అది నాకు నచ్చదు. మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత లేకుండా నేరుగా పంపుకి పోతుంది. ఆ డీజిల్ ఏ మగ్గులోంచి వచ్చిందో, ఆ మగ్గుని ఎవరు ఎప్పుడు కడిగారో తెలియదు. ఫిల్టరు దగ్గర చేతి పంపు ఇచ్చి ఉంటే దాన్ని వాడటమే పద్ధతి.

అసలు విద్య ఫిల్టరు విప్పినప్పుడు చొరబడిన గాలిని తీయడంలో ఉంది. డీజిల్‌ని నొక్కితే నొక్కుబడదు, అందుకే పంపు తోసిన తోపు నాజిలు దాకా అందుతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే తోసినప్పుడల్లా అది ముడుచుకుని మళ్లీ సాగుతుంది, నాజిలు తెరుచుకోదు. గొట్టంతో చెరువునీళ్లు లాగేటప్పుడు గాలి చొరబడి ధార తెగడం చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఫిల్టరు మీది చిన్న స్క్రూ వదులు చేసి చేతి పంపు నొక్కుతూ పోతే మొదట ఏమీ రాదు, అరచేతికి మెత్తగా ఉంటుంది. తర్వాత మజ్జిగ చిలికినట్టు తెల్లటి నురగ వస్తుంది. ఆపైన బుడగలు, నడుమ నడుమ డీజిల్. కాసేపటికి చప్పుడు మారుతుంది, చిటపట ఆగి నిండుగా ఒకే ధార వస్తుంది, పంపు గట్టిపడుతుంది. మేస్త్రీ గారు ధారను చూడరు, వింటారు. పంపు నొక్కి ఉంచిన క్షణంలోనే రెండో చేత్తో స్క్రూ బిగిస్తారు. వదిలాక బిగిస్తే పీల్చిన ఊపులో గాలి మళ్లీ లోపలికి పోతుంది. నేను ప్రయత్నించినప్పుడు ఆ రెండు చేతుల తాళం కుదరడానికి నాలుగుసార్లు పట్టింది.

పాత ఇంజన్లలో ఈ పని ఫిల్టరు నుంచి పంపుకీ, పంపు నుంచి నాజిళ్లకీ, డీజిల్ పారే వరుసలోనే సాగేది. చివర్లో నాజిలు గొట్టం నట్టు వదులు చేసి సెల్ఫ్ కొడితే చుక్కలు చిమ్మేవి. కామన్ రైల్ ఇంజను మీద ఆ చివరి మెట్టు ఎక్కకూడదు. ఆ ఒత్తిడిలో వెంట్రుకంత సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిగుచ్చినంత గాయమే కనిపించినా, అది వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన ప్రమాదం.

మార్చిన మర్నాడు పొద్దున బండి లేవడానికి మొరాయిస్తే, కింద చుక్క కూడా కారలేదు కదా అని వదిలేయకండి. చాలా బండ్లలో ఫిల్టరు ఉండేది పంపు పీల్చుకునే వైపు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. రాత్రంతా నెమ్మదిగా చేరిన గాలే పొద్దున్న తన్నుతుంది. రింగునూ క్లిప్పులనూ మళ్లీ చూడాలి.

పెట్రోలు బండిలో పని తేలిక, ప్రమాదం ఎక్కువ. ఇంజెక్షన్ ఉన్న కార్లలో గొట్టంలో మూడు నాలుగు బార్‌ల ఒత్తిడి నిలిచి ఉంటుంది. ఇంజను ఆన్‌లో ఉండగా పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, అది దానంతట అదే ఆగిపోయాక, బ్యాటరీ నెగెటివ్ తీసి, గుడ్డ చుట్టి గొట్టం విప్పాలి. దగ్గర్లో నిప్పు, వేడెక్కే బల్బు, మూసిన గది ఉండకూడదు. ఫిల్టరు మీది బాణం ఇంజను వైపు చూడాలి. అంతా బిగించాక తాళంచెవి రెండు మూడుసార్లు ఆన్ చేసి ఆపితే ఒత్తిడి వస్తుంది, అప్పుడు ప్రతి కీలూ తడిమి చూసుకోవాలి. కొత్త కార్లలో చాలావాటికి ఇది ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది, ఇంట్లో చేసే పని కాదు. ఇప్పుడు పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం, పాత ట్యాంకు గోడల జిడ్డును కరిగించే గుణం రెండూ ఉన్నాయి కనుక, పాత బండ్లవారు ఫిల్టరును ఇంకొంచెం తరచుగా పట్టించుకోవాలి. పెట్రోలు మీద అనుమానమొస్తే బంకులో ఫిల్టరు కాగితం అడగండి. అది ఇవ్వడం వారి విధి. దాని మీద వేసిన చుక్క మరక మిగల్చకుండా ఆరిపోవాలి.

తీసిన ఫిల్టరును చెత్తబుట్టలో పడేయనివ్వకండి. డబ్బాను రేకు కోసే కత్తెరతో విప్పించి చూడండి. రంపం వద్దు, దాని ఇనుపరజను కలిస్తే ఏది ఎక్కడిదో తెలియదు. మడతలన్నీ సమంగా గోధుమరంగుకి తిరిగి ఉంటే అది తన పని తాను చేసింది. ఎర్రటి గరుకు ఉంటే ట్యాంకు తుప్పు పడుతోంది. నల్లటి జిగురుంటే నీళ్లు చాలాకాలంగా ఉన్నాయి, ట్యాంకు కడిగించాలి. మడతల్లో మిలమిలలాడే రజను కనిపించి అయస్కాంతానికి అంటుకుంటే గుండె గుభేలుమనాలి. అది పంపు అరిగి, తిరుగు గొట్టం ద్వారా ట్యాంకుకి చేరి, మళ్లీ ఇక్కడికొచ్చిన ఇనుము కావచ్చు. ఆ ఒక్క చూపుతో పంపు ముక్కలవకముందే పట్టుకోవచ్చు.

నా పాత ఫిల్టరును మేస్త్రీ గారు కోసి, మడతల్ని హార్మోనియం తిత్తిలా సాగదీసి ఎండలో పట్టి చూపించారు. అడుగున రెండు అంగుళాల మేర నలుపు, ఆ పైనంతా గోధుమరంగు. అయస్కాంతం తిప్పారు, ఏమీ అంటుకోలేదు. "ట్యాంకు కడిగితే చాలు, పంపు బాగుంది" అన్నారు. కొత్త డబ్బా మీద ఆ రోజు తేదీ, కిలోమీటర్లు తెల్ల పెయింటుతో రాసి, గట్టు మీది సీసాలో పైన తేరిన డీజిల్‌ను మాత్రం పానాలు కడిగే పళ్లెంలోకి నెమ్మదిగా వంచుకున్నారు.