బిల్ కాంప్‌బెల్ మీటింగు, గవాండే ఆపరేషన్ థియేటర్

‘ట్రిలియన్ డాలర్ కోచ్’ (2019) పుస్తకాన్నీ, సర్జన్ అతుల్ గవాండే 2011లో ‘న్యూయార్కర్’ పత్రికకు రాసిన ‘పర్సనల్ బెస్ట్’ వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. టీమ్ దెబ్బలకు తట్టుకుని నిలబడాలంటే కోచింగ్ కావాలని నమ్మే మేనేజర్లు మొదటిదాన్ని ఇష్టంగా చదువుతారు. రెండోదాన్ని చదివినవాళ్లు నాకు తక్కువగా తగిలారు. పని నేర్పేది మాత్రం రెండోదే.

మొదటి పుస్తకం రాసింది ఎరిక్ ష్మిట్, జొనాథన్ రోజెన్‌బర్గ్, ఆలన్ ఈగిల్. ముగ్గురూ గూగుల్‌లో పనిచేసినవాళ్లే. 2016లో చనిపోయిన తమ గురువు బిల్ కాంప్‌బెల్ గురించి రాశారు. ఆయన కొలంబియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు ఆరు సీజన్లు కోచ్‌గా ఉండి 12 ఆటలు గెలిచి 41 ఓడిపోయాడు. తర్వాత కంపెనీల్లోకి వచ్చి స్టీవ్ జాబ్స్‌కు సన్నిహితుడయ్యాడు, గూగుల్ పెద్దలకు కోచ్ అయ్యాడు. సమస్య వచ్చినప్పుడు ముందు దాని మీద పనిచేసేవాళ్లను చూడమనేది ఆయన పద్ధతి. ఎవరెవరు ఉన్నారు, వాళ్లకు ఒకరంటే ఒకరికి నమ్మకం ఉందా అని ఆరా తీసేవాడు. బాస్‌తో సంబంధం కన్నా సాటివాళ్ల మధ్య సఖ్యతకే ఆయన ఎక్కువ విలువ ఇచ్చాడు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువగా తోచిన మాట ఇదే.

ఒక సందర్భం చూడండి. 2001లో గూగుల్ స్థాపకులు ఇంజనీర్లకు మేనేజర్లు అక్కర్లేదని తీసేశారు. కాంప్‌బెల్ వాదనతో సరిపెట్టుకోలేదు. ఇంజనీర్ల దగ్గరికే వెళ్లి, మీకు మేనేజర్ కావాలా అని అడిగాడు. కావాలన్నారు. తమకు నేర్పడానికి ఒకరు ఉండాలి, పేచీ వస్తే తీర్పు చెప్పడానికి ఒకరు ఉండాలి అన్నారు.

ఈ పుస్తకం కోసం రచయితలు 80 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. దాదాపు అందరూ ఆయన్ను ప్రేమించినవాళ్లే. ఆయన చెయ్యి వేసినా బాగుపడని టీమ్ ఏదైనా ఉందా? ఆయన లేకపోయినా గూగుల్ ఇంతగా ఎదిగేదా? ఈ ప్రశ్నల జోలికి పుస్తకం పోదు. అభిమానం నిజమైనదే, చదువుతుంటే మనకూ అంటుకుంటుంది. కానీ గెలిచిన కంపెనీల్లో కోచ్ ఉన్నంత మాత్రాన గెలుపు కోచ్‌దే అనుకోలేం కదా.

గవాండే వ్యాసం మాత్రం తన మీద తనకు కలిగిన సందేహంతో మొదలవుతుంది. సర్జన్‌గా ఎనిమిదేళ్లు గడిచాక తన పనితనం ఒక మెట్టు దగ్గర ఆగిపోయిందని ఆయనకు అనిపించింది. తనకు పాఠం చెప్పిన రాబర్ట్ ఆస్టీన్ అనే రిటైర్డ్ సర్జన్‌ను, వచ్చి తన ఆపరేషన్ చూడమని అడిగాడు. అది థైరాయిడ్ ఆపరేషన్. బాగానే జరిగిందని గవాండే అనుకున్నాడు. ఆస్టీన్ కాగితం మాత్రం నోట్సుతో నిండిపోయింది. పేషెంటు మీద పరిచే గుడ్డల్ని గవాండే తన చేతికి అనువుగా సర్దుకున్నాడు. ఎదుటివైపు నిలబడ్డ అసిస్టెంటుకు ఆ గుడ్డలే అడ్డుపడి ఎడమ చెయ్యి సరిగ్గా ఆడలేదు. మెడికల్ విద్యార్థి ఏ సాయమూ చేయలేనంత పక్కకు జరిగిపోయాడు. పైన లైటు పక్కకు తిరిగిపోతే, అటూ ఇటూ తగిలి వచ్చే వెలుతురులోనే అరగంట పని సాగింది. సర్జన్ గమనించలేదు.

అది పూర్తిగా టీమ్ సమస్యే. ఆ గదిలో ఎవరికీ ఎవరి మీదా అపనమ్మకం లేదు. చోటు లేదు, అంతే. కాంప్‌బెల్ మనుషుల మధ్య నమ్మకాన్ని వెతికితే, ఆస్టీన్ చేతులు ఎక్కడున్నాయో చూశాడు. మన ఆఫీసుల్లో కోచింగ్ పేరుతో జరిగే సెషన్లలో మొదటి రకం మాటలే వినిపిస్తాయి. పక్కన కూర్చుని పని ఎలా సాగుతోందో చూసే కోచ్ అరుదు.

గవాండే అక్కడితో ఆగలేదు. ఆయన బృందం 2014-16 మధ్య ఉత్తరప్రదేశ్‌లో 120 ప్రసూతి కేంద్రాలను తీసుకుని, సగం చోట్లకు కోచ్‌లను పంపింది. కాన్పు చేసే నర్సుల పక్కన నిలబడి చెక్‌లిస్టు ప్రకారం పని జరుగుతోందో లేదో చూడటం వాళ్ల పని. రెండు నెలలకు, చేయవలసిన పనుల్లో 72.8 శాతం జరిగాయి. కోచ్ లేని చోట 41.7. కోచ్‌ల రాకపోకలు ఎనిమిది నెలలకు ముగిశాయి. మరో నాలుగు నెలల తర్వాత చూస్తే 72.8 కాస్తా 61.7కు దిగింది. అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. మరణాలు, తల్లులకు తీవ్రమైన ఇబ్బందులు కలిపి లెక్కిస్తే రెండు వైపులా దాదాపు ఒకటే: 15.1, 15.3 శాతం. ఆశించిన ఫలితం రాలేదని 2017లో వాళ్లే పేపర్ వేసి చెప్పారు. ఈ నిజాయితీ వల్లే నేను గవాండే పక్షం. కోచింగ్ అలవాట్లను మారుస్తుంది. నైపుణ్యంలోని లోటునూ, ఆసుపత్రిలో లేని వసతులనూ అది ఒక్కటే పూడ్చలేదు.

అయినా ఒక విషయంలో పుస్తకం గవాండే లెక్కలకు బలం ఇస్తుంది. కాంప్‌బెల్ ష్మిట్ స్టాఫ్ మీటింగులకు వారం వారం వచ్చేవాడు. గూగుల్‌తో ఆ అనుబంధం ఏళ్ల తరబడి సాగింది. ఎనిమిది నెలలు తోడున్నా నిలవని అలవాటు, రిసార్టులో రెండు రోజుల వర్క్‌షాపుతో నిలుస్తుందని కంపెనీలు ఎలా నమ్ముతున్నాయో నాకు అర్థం కాదు. గూగుల్ దగ్గర కాంప్‌బెల్ ఫీజు అడగలేదు, ఆయనకు ఆ అవసరం లేదు. జిల్లా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో నర్సు పక్కన ఏళ్ల తరబడి నిలబడే కోచ్‌కు మాత్రం నెలనెలా జీతం కావాలి. అది ఆరోగ్య శాఖ బడ్జెట్‌లో ఒక పద్దుగా ఉండాలి.