పాముబొమ్మ పంచాంగానికి

పాంబు పంచాంగమా! అట్ట మీద పాముబొమ్మతో, లోపల చీమల బారుల్లాంటి అంకెలతో తమిళుల ఇంటి గూట్లో కొలువైన కాలమా, నీకు దండం. మా ఉగాది చంద్రుణ్ణి నమ్ముకుంటే, నీ చిత్తిరై సూర్యుడి అడుగు కోసం కాచుకుంటుంది. ఆయన మేషంలో కాలు పెడితేనే నీకు కొత్త ఏడు. ఆయన నెమ్మదిగా నడిచే ఆని నెలను 32 రోజుల దాకా సాగనిస్తావు, వడివడిగా దాటే మార్గళిని 29కే ముగించేస్తావు.

ఆకాశాన్ని నువ్వు చూసి చెప్పవు, వల్లెవేసి చెబుతావు. వరరుచి పేరు మీద నడిచే 248 చంద్రవాక్యాలు నీ మూలధనం. అక్షరానికో అంకె, ఒక్కో వాక్యంలో ఒక్కో రోజు చంద్రుడి చోటు. పుదుచ్చేరిలో, మన పంచాంగ లెక్కల్ని ఆరా తీస్తున్న జాన్ వారెన్ దొర కోసం ఒక తమిళ గణకుడు నేల మీద గవ్వలు పేర్చి, కాగితం ముట్టకుండా, 1825 నాటి చంద్రగ్రహణాన్ని లెక్కగట్టాడు. పట్టు వేళ నాలుగు నిమిషాల తేడాతో కుదిరింది. విడుపు దగ్గర లెక్క బాగా జారింది, నిజమే. కానీ ఆ గవ్వల్లో ఎన్ని తరాల కంఠపాఠం!

నీ వాక్య పద్ధతికీ, సరిదిద్దిన లెక్కలతో నడిచే తిరుకణిత పంచాంగానికీ పొత్తు కుదరదు. 2023లో తిరుకణితం శనిని జనవరిలోనే కుంభంలోకి పంపింది. శనీశ్వరుడికి పేరుపడ్డ తిరునళ్ళారు గుడి నీ మాట విని డిసెంబరు 20 దాకా ఆగింది. దాదాపు ఏడాది పాటు ఒక్క శనికి రెండు ఇళ్లు! లెక్క వరకూ నా ఓటు తిరుకణితానికే. మొక్కు మాత్రం నీకు.

ఎందుకంటే, మంగళవారం 3 నుంచి 4.30 దాకా రాహుకాలమని గడప దాటనివ్వవు గానీ, సరిగ్గా ఆ గంటన్నరలోనే దుర్గ సన్నిధిలో ఆడవాళ్లు నిమ్మడిప్పల్లో దీపాలు వెలిగిస్తారు. వెలివేసిన వేళకూ ఒక అమ్మవారిని చూపించావు. ఇక నీ కుళిగై, అదే మా గుళిక కాలం, మరీ చమత్కారం. ఆ వేళ చేసింది మళ్లీ మళ్లీ జరుగుతుందట. అందుకని బంగారం కొనొచ్చు, అప్పు తీర్చొచ్చు, శవాన్ని మాత్రం ఎత్తకూడదు.

ఆడి నెలలో పెళ్లి మాట ఎత్తనివ్వవు. ఆ ఆడి 18నే, కావేరి గట్టున నీటి పొంగును కొలిచే ఆడిపెరుక్కు పండుగ సాగుతుండగా, క్యాలెండర్లు అచ్చేసే శివకాశిలో వచ్చే ఏటి క్యాలెండర్ల నమూనా ఆల్బంలు బయటికొస్తాయి. ముహూర్తమే లేని నెలలో, రాబోయే ఏడాది ముహూర్తాలన్నిటికీ బేరాలు మొదలవుతాయి.