ఊరే ఆలంబనము: అలౌకిక రహస్య ధారావాహికలలో స్థలవిచారము

ఒక చిన్న ఊరు, అందొక అకాలమరణము, చంపినది మనుష్యుడా పిశాచమా యను సందేహము. ఈ మూడింటిని ఆధారముగా గొని అల్లబడిన టెలివిజను ధారావాహికలు గడచిన ముప్పదియైదేండ్లలో ఒక ప్రత్యేక కథాశాఖగా స్థిరపడినవి. తెలుగునను ఇట్టివి ఇటీవల వెలువడుచున్నవి. వీనిని కాలక్షేపపు సరకని త్రోసిపుచ్చుట సులభము. కాని ‘నేరము ఎవరిది?’ అను ప్రశ్నను ఇంత సూటిగా అడుగు కథాశాఖ మఱొకటి అరుదు. ఆ ప్రశ్నకు ఈ కృతులిచ్చు సమాధానము, అందు ఊరు వహించు పాత్రను బట్టి నిర్ణయమగుచున్నదని నా తలంపు. ఈ విషయమును మొదట రసశాస్త్రదృష్టితోను, పిదప ఈ శాఖకు మూలమనదగిన ‘ట్విన్ పీక్స్’ ద్వారమునను, తరువాత మూడు తెలుగు కృతుల యందును పరిశీలించి, తుదకు హైదరాబాదు పాతనగరమందలి పత్తర్‌గట్టి పరిసరములలో నిలిచియున్న ఐతిహ్యసామగ్రి ఈ విచారమునకు ఎట్లు తోడ్పడునో చూపుదును.

1

భరతుడు నాట్యశాస్త్రమున భయానకరసమునకు విభావములను చెప్పుచు వికృతధ్వనులను, భూతదర్శనమును, అరణ్యమును, శూన్యగృహమును పేర్కొనెను. తరువాతి ఆలంకారికులు విభావమును ఆలంబనమనియు, ఉద్దీపనమనియు రెండుగా విభజించిరి. భయమునకు విషయమైనది ఆలంబనము. చీకటి, హోరుగాలి, ఒంటరి యిల్లు మొదలగునవి ఆ భయమును పెంచునవి గాన ఉద్దీపనములు. ఈ లెక్కను ఊరు ఉద్దీపనములలో చేరవలసినదే. సామాన్యమైన దయ్యపుకథలో దాని స్థానము నిజముగ అంతవఱకే. పాడుపడిన ఒక బంగళాకు మాఱుగా మఱియొక బంగళా నిలిపినను అట్టి కథకు లోపము రాదు.

చిన్న ఊరి అలౌకిక రహస్యకథ ఉత్తమస్థాయి నందినపుడు ఈ క్రమము మారును. ప్రేక్షకుడు పిశాచమును గాంచి భయపడుటకంటె ఊరిని గాంచి అధికముగ భయపడును. ఏలయన, జరిగిన దానిలో కొంత కొంత ఊరిలో ప్రతివారికి తెలియును, ఎవ్వరును చెప్పరు. పట్నములో ఒకని రహస్యము పొరుగువానికి తెలియకపోవుట సహజము. చిన్న ఊరిలో తెలియకపోవుట అసంభవము. కావున అచటి మౌనము అజ్ఞానము కాదు, ఒక విధమైన ఒప్పందము. ఆ ఒప్పందమునకు కథ కల్పించిన రూపమే పిశాచము. అప్పుడు ఊరు ఉద్దీపనస్థానమును విడిచి ఆలంబనస్థానము నాక్రమించును.

1970లో ఫ్రెంచిభాషలో వెలువడిన తన గ్రంథమున టొడొరొవ్ అద్భుతసాహిత్యమునకు సంశయమే ప్రాణమనెను. జరిగినది ప్రకృతినియమములకు లోబడినదా, కాదా యని చదువరి ఊగిసలాడినంత సేపే ఆ రసస్థితి నిలుచునని అతని మతము. ఈ లక్షణము సత్యమే కాని మన శాఖకు చాలదు. రెండు సమాధానములలో ఏది నిజమను దానితో పాటు, ఏ సమాధానము ఎవరికి అనుకూలమను ప్రశ్నయు ఇచట వేయవలసియున్నది. చంపినది పిశాచమని తేలినచో ఊరు నిర్దోషి యగును. మనుష్యుడని తేలినచో ఊరంతయు సాక్షిగా నిలువవలసివచ్చును. సంశయమునకు ఈ శాఖలో నైతికభారము కలదని దీనివలన తెలియుచున్నది.

2

డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్టు అనువారు సృష్టించిన ‘ట్విన్ పీక్స్’ అమెరికాలో 1990 ఏప్రిల్ 8న ఏ.బి.సి. సంస్థ ద్వారా ప్రసారమై, 1991 జూన్‌లో ముగిసినది. వాయవ్యమున వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల నడుమ ఒక కల్పిత పట్టణము. లారా పామర్ అను పాఠశాలాబాలిక శవము నీటి యొడ్డున దొరకుటతో కథ ఆరంభమగును. దర్యాప్తునకు వచ్చిన కేంద్రపోలీసు అధికారి కూపరు వెలుపలివాడు. అడవిలో ఏదో దుష్టశక్తి కలదని ఊరివారి తరతరముల నమ్మకము. దానినుండి ఊరిని కాచుటకు షెరీఫు ట్రూమను, అతని మిత్రులు రహస్యముగ ఒక కావలిసంఘమును నడపుచుందురు.

మన పల్లెలలో పొలిమేరదేవత కున్న పని ఇచట ఆ సంఘమునకు కలదు. కీడు వెలుపలినుండి వచ్చుననియు, హద్దును కాచిన చాలుననియు వారి విశ్వాసము. ధారావాహిక ఆ విశ్వాసమును నెమ్మదిగ కూలద్రోయును. అడవిని కాచినవారు ఇంటిని కాయలేదు. లారాను చంపినవాడు ఆమె తండ్రి లీలండ్ పామరే. అతనిని ‘బాబ్’ అను దుష్టాత్మ ఆవహించియుండెనట. లారాకు పోలికలో సమానమైన బంధువు మ్యాడీని అతడు తన యింటి కూర్చుండు గదిలోనే చంపు ఘట్టమున అద్దములో అతని ముఖమునకు మాఱుగా బాబ్ ముఖము కనబడును. ఊరు అడవిలో వెదకిన కీడు ఇంటి అద్దములో కనబడుట ఈ కృతి సాధించిన గొప్ప అర్థము.

ఊరి బాధ్యతను ఈ కథ అంతకు పూర్వమే సూచించియుండెను. లారా అంత్యక్రియల వేళ ఆమె ప్రియుడు బాబీ గుమిగూడిన వారిపై విరుచుకుపడి, ఆమె కష్టము అందఱకును తెలియుననియు, ఎవ్వరును కదలలేదనియు, కావున అందఱును ఆమెను చంపినవారే యనియు నిందించును. ఆ నిందకు సమాధానమిచ్చువాడు లేడు. ఊరు ఆలంబనమైన క్షణమిది.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. పిశాచము ఆవహించిన తండ్రి దోషియా, బాధితుడా? లీలండ్ మరణించిన తరువాత నలుగురు అడవిలో నిలిచి ఈ ప్రశ్ననే చర్చింతురు. కన్నతండ్రి కూతురిని ఇట్లు చేసెనని నమ్ముటకంటె పిశాచము చేసెనని నమ్ముట సులభమా యని కూపరు అడుగును. బాబ్ అనునది మనుష్యులు చేయు కీడునకే మఱొక పేరు కావచ్చునని ఆల్బర్టు ఊహించును. కృతి ఆ రెండు భావముల నడుమ ఆగిపోవును. తండ్రికి మన్నన దొరకినదని పలువురు విమర్శకులకు తోచుట అసహజము కాదు. కాని 1992 నాటి చలనచిత్రమున లించ్ కథను లారా వైపునుండి మరల చెప్పి, పిశాచపు ముసుగు వెనుక తండ్రి ముఖమును ఆమె గుర్తించు దారుణమును ప్రధానము చేసెను. 2017లో పదునెనిమిది భాగములుగా వచ్చిన ఉత్తరకథలో కూపరు లారాను మృత్యువునుండి తప్పింప బ్రయత్నించి, తుదకు ఆమెను పోలిన స్త్రీని పామర్ ఇంటి గడపకు తెచ్చును. ఆ యిల్లు ఇపుడు అన్యులది. ఆ స్త్రీ ఆర్తనాదముతో కథ ముగియును. దెయ్యమును ఓడించినను జరిగినది జరుగనిదిగా మారదని దీని తాత్పర్యము. ఇరువదియేడేండ్లలో ఆ కృతి తన ప్రశ్ననుండి తప్పించుకొనలేదనుటకు ఇది నిదర్శనము.

3

తెలుగున మొదట గణింపదగినది విక్రమ్ కుమార్ దర్శకత్వమున 2023 డిసెంబరు 1న వెలువడిన ‘దూత’. ఎనిమిది భాగముల ఈ ధారావాహికలో జరుగబోవు దుర్మరణములు పాతపత్రికా శకలములలో ముందుగనే కనబడును. పత్రికాసంపాదకుడు సాగరు ఆ చిత్తుకాగితముల వెంట పరుగెత్తును. దీని మూలము గతించిన తరమున నడచిన ‘దూత’ యను పత్రిక చరిత్రలో కలదు. కల్పన చక్కనిది. అచ్చైన మాట మృత్యువై మరలి వచ్చుట పత్రికావృత్తికి తగిన దండనము. కాని కథాస్థలము విశాఖపట్టణము, మహానగరము. ఎడతెగని వానయే దాని ముఖ్యలక్షణము. వాన ఎంత అందముగ చిత్రింపబడినను ఉద్దీపనమే. ఇచట దోషము వృత్తికి చెందినది గాని ఊరికి చెందినది కాదు. ఆ పరిధిలో కృతి సఫలమే యైనను, ఊరికి తెలిసిన రహస్యమను అంశము దానికి దూరము.

2025 జూన్ 27న వచ్చిన ‘విరాటపాలెం’ ఈ శాఖకు మిక్కిలి సన్నిహితము. పెండ్లినాడే పెండ్లికూతుళ్లు మరణించు పల్లె, అది శాపమని నమ్మిన జనము, అచటికి వచ్చిన మీనా యను కానిస్టేబులు. 1980ల నాటి వాతావరణము. దీని బలము సన్నివేశకల్పనలో కలదు. పెండ్లి యనునది ఊరంతయు చేరి చేయు కార్యము. ముహూర్తము, బాజాలు, బంతిభోజనము ఊరందఱి యెదుట జరుగును. కావున అట్టి వేళ సంభవించు మరణమునకు ఊరంతయు సాక్షి. సాక్షులందఱును శాపమను ఒక్క మాటలో దాగియుండుట చూచినపుడు నమ్మకమెంత, సౌకర్యమెంత యను శంక కలుగును. దర్యాప్తు చేయునది అధికారమున క్రిందిమెట్టు నున్న స్త్రీ యగుటయు సార్థకము. చచ్చినవారు స్త్రీలు. అడుగుటకు సాహసించినదియు స్త్రీయే.

మూడవది ధారావాహిక కాదు, చలనచిత్రము. కాని మన ప్రశ్నను తీక్ష్ణముగ లేవనెత్తుటచే దానిని విడువరాదు. కార్తీక్ దండు దర్శకత్వమున 2023 ఏప్రిల్ 21న విడుదలైన ‘విరూపాక్ష’లో రుద్రవనమను పల్లెవారు చేతబడి చేయుచున్నారన్న అనుమానముతో 1979లో ఒక దంపతులను సజీవముగ దహింతురు. పండ్రెండేండ్లకు మరణపరంపర మొదలగును. ఊరిపెద్దలు అష్టదిగ్బంధనము చేయించి రాకపోకలను ఆపుదురు. కాని మరణములకు మూలమైన వ్యక్తి ఆ బంధనమునకు లోపలనే యుండును. అడవిని కాచి ఇంటిని మఱచిన ట్విన్ పీక్స్ కావలివారికి ఈ పల్లెపెద్దలు సాటి. నిర్మాణదృష్ట్యా ఇది మెచ్చదగినది.

నైతికదృష్ట్యా మాత్రము ఇందొక లోపము కలదు. దంపతుల క్షుద్రవిద్య కథలో వాస్తవముగనే నిలుచును. అనగా గుంపు పడిన అనుమానము నిజమాయెను. దహనము క్రూరమే యని చిత్రము చూపినను, కారణము సత్యమైనపుడు ఆ క్రౌర్యము సగము కడుగుకొనిపోవును. ఇతరదేశమున ఇది శిల్పచర్చ మాత్రమే కావచ్చును. చేతబడి, బాణామతి యను అనుమానముతో నిరుపేదలను కొట్టి చంపిన ఘటనలు నిజముగ జరిగిన మన నేలపై ఇది శిల్పచర్చతో ఆగదు. తెరపై మంత్రము నిజమైనందున ఊరిలో అనుమానము నిజము కానేరదు. ఈ భేదమును నిలుపుట రచయిత ధర్మము. కథలో అలౌకికము ఉండరాదని నా వాదము కాదు. ఆ అలౌకికము గుంపునకు సాక్ష్యము చెప్పరాదని మాత్రమే.

4

అలౌకికమును విడువకయే మనుష్యుని బాధ్యతను నిలుపు మార్గము కలదా? దీనికి సమాధానమును పరదేశమున వెదకనక్కఱలేదు. హైదరాబాదు పాతనగరమున మదీనా కూడలినుండి మఛ్లీకమాను వఱకు సాగు రాతికట్టడముల బజారు పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కాలమున ఇది నేటి రూపము దాల్చెను. ఆ వరదవేళ ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను నదిని దేవతగా నెంచి చీర, పసుపు కుంకుమలు సమర్పించెనని జనులు చెప్పుకొందురు. మఱుసటి యేట విశ్వేశ్వరయ్య వచ్చి వరదకు కారణములను పరిశోధించి, జలాశయములకు పథకము వేసెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వాని ఫలములు. ఒకే విపత్తునకు రెండు వివరణములు ఒకే నగరమున ప్రక్కప్రక్కన నిలిచినవి. గమనింపదగిన దేమనగా, కుంకుమ సమర్పించినందున ఆనకట్ట కట్టుట మానలేదు. అలౌకికము కర్తవ్యమునకు బదులుగా నిలువలేదు.

పత్తర్‌గట్టి దక్షిణపుకొసను చార్‌కమాన్లు కలవు. వానిలో రాజప్రాసాదమునకు దారియైన పడమటి కమానుకు ‘సెహర్-ఎ-బాతిల్’ అని పేరు. మంత్రప్రయోగమును వ్యర్థము చేయునదని దాని భావము. జనుల నోట అది ‘షేర్-ఎ-బాతిల్’గా మారినది. ఈ రక్ష నగరపు వెలుపలి హద్దున గాక నడిబొడ్డున, ప్రభువు తన వాకిటనే నిలుపుకొన్నది. కీడు పొలిమేర దాటి మాత్రమే వచ్చునని భావించినచో రక్షకు తావు అది కాదు. తన గడపను తాను శంకించు వివేకము ఆ పేరులో ఇమిడియున్నది. రుద్రవనపు పెద్దలకు, ట్విన్ పీక్స్ కావలివారికి లోపించిన వివేకమిదియే.

ఈ పరిసరములకే చెందిన ఐతిహ్యము మఱొకటి పలు పాఠాంతరములతో వినబడును. ఒక రాత్రి లక్ష్మీదేవి నగరమును వీడిపోవ సిద్ధపడగా కొత్వాలు ఆమెను ఆపి, ప్రభువు అనుమతి తెచ్చువఱకు కదలవద్దని మాట తీసికొనెనట. తాను మరలి వచ్చినచో ఆమె వెడలునని గ్రహించి, మరలి రాకుండుటకై తన తలను ఖండింపజేసికొనెనట. ఆమె నేటికిని అచటనే నిలిచియున్నదని ఐతిహ్యము. ఈ కథలో దేవత కలదు, అద్భుతము కలదు. కాని దేవత నిలుచుట ఒక ఉద్యోగి మాటపై ఆధారపడినది. ఇందు అలౌకికము మనుష్యుని దోషమును తన మీద వేసికొనలేదు, మనుష్యుని బాధ్యతను తల యిచ్చునంతగ పెంచినది. ఇది అద్భుతమునకు మన జనసాహిత్యము నిర్ణయించిన మేలైన ప్రమాణము.

చిన్న ఊరి రహస్యకథకు వలసిన పరికరములును ఇచట లోపింపలేదు. మహానగరపు గర్భమున నున్నను పత్తర్‌గట్టి ఒక ఊరే. హద్దులుగా కమాన్లు, తరతరములుగ ఎదురెదురుగ కూర్చుండు వర్తకులు, ఒక అంగడిలో పలికిన మాట సాయంకాలమునకు వీథి చివరకు చేరుట. ప్రతివారికి కొంత తెలిసి ఎవ్వరును పలుకని మౌనమునకు ఇంతకంటె తగిన స్థలమేది? మన రచయితలు ఈ శాఖలో కృషి చేయదలచినచో పాడుబడిన కోటలను, ఎడారి బంగళాలను మాత్రమే ఆశ్రయింప పనిలేదు.

5

పైవిచారమువలన తేలిన సారమిది. అలౌకిక రహస్య ధారావాహికను విలువకట్టునపుడు భయమెంత కలిగినది, ముడి ఎంత నేర్పుగ వీడినది అను రెండు ప్రశ్నలు చాలవు. ఊరు ఆలంబనమైనదా, అలౌకికము ఊరి దోషమును వెలికి దెచ్చినదా, కప్పిపుచ్చినదా యను ప్రశ్నలును వేయవలెను. ‘ట్విన్ పీక్స్’ తడబడుచునైనను వెలికి దెచ్చు మార్గమున నడచినది. ‘దూత’ ఆ ప్రశ్నను ఊరినుండి వృత్తికి మార్చినది. ‘విరాటపాలెం’ ప్రశ్నను సరిగ నిలిపినది. ‘విరూపాక్ష’ నిర్మాణమున గెలిచి తీర్పున తొట్రుపడినది. జానపదసాహిత్యమును, నవీన దృశ్యమాధ్యమమును వేఱువేఱు గదులలో చదువుచున్న మన పరిశోధకవిద్యార్థులు ఈ రెండింటిని కలిపి పరిశీలించినచో, పొలిమేర, బొడ్రాయి, గడప, కమాను మొదలగు హద్దుల చుట్టు అల్లుకొన్న కథలనుండి ఈ శాఖకు దేశీయమైన లక్షణశాస్త్రమును నిర్మింపవచ్చును. ఆ పని ఇంకను జరుగవలసియున్నది.