ఇల్లెందు గెలుపులో మా వాటా ఎంత?

ఇల్లెందు అనగానే మాకు రెండు గుర్తుకొస్తాయి. ఒకటి బొగ్గు. సింగరేణి బావులు మొదట తవ్వింది అక్కడే. రెండోది గుమ్మడి నర్సయ్య. 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో, మొత్తం ఐదుసార్లు అసెంబ్లీకి గెలిచిన మనిషి. సైకిల్ మీదా ఎర్రబస్సులోనూ తిరిగిన ఎమ్మెల్యే అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. మేమూ చెప్పుకుంటాం, గర్వంగానే. పదవి ఒక్కసారి దక్కితే మూడు తరాలకు కూడబెట్టుకునే రోజుల్లో ఆయన చేతికి మట్టి తప్ప ఏదీ అంటలేదు. ఆ గౌరవం ఇచ్చాకే మా పేచీ మొదలవుతుంది. పేచీ నర్సయ్యతో కాదు, ఆయన పార్టీతో.

ఆ పార్టీని ఎన్నికల ఫలితాల పట్టికలో వెతికితే దొరకదు. ఆయన మొదటిసారి గెలిచేనాటికి న్యూడెమోక్రసీ అన్న పేరే లేదు. ఎన్నికల బహిష్కరణే విప్లవమన్న చారు మజుందార్ దారిని కాదని, ఎమర్జెన్సీ పోయాక ఎన్నికలనూ వాడుకోవాలన్న చండ్ర పుల్లారెడ్డి వర్గం అది. 1984లో పుల్లారెడ్డి చనిపోయాక చీలికల మీద చీలికలొచ్చాయి. న్యూడెమోక్రసీ కూడా 2013లో చీలింది. ఇంత చరిత్ర ఉన్నా పట్టికలో మాత్రం నర్సయ్య ‘ఇండిపెండెంట్’. పేరొకటి, గడి ఒకటి. ఇది మాకు కొత్త కాదు. మాలో దూదేకుల వాళ్లది బీసీ-బీ గడి. 2007 నుంచి నాలుగు శాతం కింద ఇంకొందరిది బీసీ-ఈ గడి. మిగిలిన వాళ్లకు ఏ గడీ లేదు. మసీదులో ఒకే వరసలో నిలబడే వాళ్లం తహసీల్దార్ ఆఫీసులో మూడు వరసలవుతాం.

ఇక అసలు సంగతి. ఇల్లెందు షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు చేసిన సీటు. అక్కడ నిలబడాలంటే ఆదివాసో లంబాడో కావాలి. పార్టీ ఇష్టంతో దీనికి పని లేదు, అది చట్టం. పోడు భూముల కోసం, తునికాకు రేటు కోసం ఆ పార్టీ ఏజెన్సీలో ఏళ్ల తరబడి కొట్లాడింది. ఓట్లు ఆ కష్టం నుంచే రాలాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆ కష్టమంతా ఒక ఆదివాసీ మొహంగా అసెంబ్లీలోకి వెళ్లడానికి కారణం పార్టీ సిద్ధాంతమా, రాజ్యాంగమా? పార్టీ పైమెట్ల మీద కూచున్న వాళ్ల పేర్ల చివర ఏముండేదో చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. బూర్జువా రాజ్యాంగమని తాము ఈసడించే పుస్తకమే తమ చేత ఒక మంచి పని చేయించింది. ఆ మాట వాళ్లు ఎప్పుడైనా ఒప్పుకున్నారా?

మాకు అలాంటి చట్టం లేదు. మత మైనారిటీలకు చట్టసభల్లో సీట్లు ఉంచాలా వద్దా అని రాజ్యాంగ సభ చర్చించి, 1949లో వద్దనుకుంది. దేశం విడిపోయిన గాయం పచ్చిగా ఉన్న రోజులు. హైదరాబాద్ సంస్థానంలో పోలీసు యాక్షన్ జరిగి ఏడాది కూడా కాలేదు. నోరెత్తి అడిగే ధైర్యం మాలో ఎంతమందికి ఉంటుంది? అప్పట్నించీ మమ్మల్ని నిలబెట్టడమన్నది పార్టీల దయ. దయ మీద బతికే వాడికి విప్లవ పార్టీ మీద ఆశ ఎక్కువుంటుంది. అందుకే ఈ నొప్పి.

‘ముస్లిమును పెడితే జనరల్ సీట్లో గెలవడు కదా’ అంటారు. ఈ మాట కాంగ్రెసువాడంటే విని ఊరుకుంటాం. కమ్యూనిస్టు అంటే ఊరుకోం. ఎందుకంటే దానికి జవాబు కమ్యూనిస్టుల చరిత్రలోనే ఉంది. పోలీసు యాక్షన్ జరిగి నాలుగేళ్లు కాకముందే, 1952లో, హుజూర్‌నగర్ రైతులు మగ్దూం మొహియుద్దీన్‌ను అసెంబ్లీకి పంపారు. అంత దూరం ఎందుకు, ఇల్లెందు అప్పుడున్న ఖమ్మం జిల్లాలోనే సుజాతనగర్ ఉండేది. అక్కడి నుంచి సీపీఐ మహమ్మద్ రజబ్ అలీ 1980లలో పదేపదే గెలిచారు. అది జనరల్ సీటే. ఓటేసిన వాళ్లలో ఎక్కువమంది హిందువులే. నర్సయ్య గెలుస్తున్న ఆ సంవత్సరాల్లోనే ఇదీ జరిగింది. రివిజనిస్టులని తాము తిట్టిపోసిన పార్టీ చేయగలిగిన పని, తమను తాము నిప్పులమని చెప్పుకున్న పార్టీ ఎందుకు చేయలేకపోయింది?

రజబ్ అలీ కమ్యూనిస్టుగా గెలిచారు, ముస్లింగా కాదు అని ఒక సన్నాయి నొక్కు. సరే. నర్సయ్య కూడా కమ్యూనిస్టుగానే గెలిచారు. అయినా ఆయన్ని ఆదివాసీ బిడ్డ అని వేదిక మీద చెప్పడానికి ఎవరి నోరూ తడబడదు. మా దగ్గరకొచ్చేసరికే ఆ రెండో మాట మతతత్వం అవుతుంది. ముస్లిం అంటే పాతబస్తీ, పాతబస్తీ అంటే మజ్లిస్. బొగ్గుబాయిలో తట్ట మోసినవాడూ, సంతలో పరుపులు కుట్టినవాడూ ఆ లెక్కలోకి రాడు.

అమరుల జాబితాలో మాత్రం మాకు లోటు లేదు. విసునూరు దొరను ఎదిరించి చచ్చిపోయిన బందగీ, రజాకార్లు చంపిన షోయబుల్లా ఖాన్, పాటగా మిగిలిన మగ్దూం. ప్రతి సభలో ఈ మూడు పేర్లూ వరసగా వస్తాయి, దస్తీలో కట్టి తెచ్చినట్టు. చచ్చిపోయిన సాయిబు మీద ఉన్న ప్రేమలో సగం బతికున్న సాయిబు మీద ఉంటే చాలనిపిస్తుంది.

కాదనలేనిది ఒకటుంది. 1992 డిసెంబరు తర్వాత మా గల్లీల్లోకి వచ్చి మా పక్కన కూచున్న వాళ్లలో ఈ ఎర్రజెండాల వాళ్లు ముందున్నారు. అది మరిచిపోతే మేం మనుషులం కాదు. అయితే మా పక్కన కూచోవడం వేరు, మమ్మల్ని తమ ముందు కూచోబెట్టడం వేరు.

పార్టీ ఓటముల్లోనూ చూడాల్సింది ఉంది. 1994లో నర్సయ్యను ఓడించింది సీపీఐ అభ్యర్థి ఊకె అబ్బయ్య. 2009లో మళ్లీ ఓడించింది అదే అబ్బయ్య, ఈసారి తెలుగుదేశం నుంచి. 2014లోనూ ఓటమే. ఒకే సీటు మీద బతికిన పార్టీకి ఆ సీటు పోయాక అసెంబ్లీలో ఏమీ మిగల్లేదు. 2009 పునర్విభజనలో సుజాతనగర్ నియోజకవర్గమే మాయమైంది. పాత ఖమ్మం జిల్లాలో సీట్లు పది. ఐదు ఎస్టీలకు, రెండు ఎస్సీలకు. ఖమ్మం, పాలేరు, కొత్తగూడెం మాత్రం జనరల్. ఇల్లెందు బొగ్గుబాయి సాయిబు ఇల్లెందులో ఓటేయగలడు, పోటీ చేయలేడు. అది న్యాయమే, ఆదివాసీకి దక్కాల్సింది దక్కనీ. మేం అడుగుతున్నది మిగిలిన మూడింటి గురించి.

ఒకసారి ఓ సభలో ఇదే అడిగాం. ఈ పార్టీది కాదు, ఇంకో వామపక్ష సంఘానిది, పేరెందుకులే. వేదిక మీది పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. ‘వర్గపోరాటం ముందుకు పోతే ఇవన్నీ వాటంతటవే తేలిపోతాయి భాయ్’ అన్నాడు. ఆ జవాబులో మాకు దక్కింది చివరి మాటొక్కటే. సభ అయ్యాక మమ్మల్ని బయట బండి దగ్గరికి తీసుకెళ్లి టీ ఇప్పించాడు. డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.